త్రీ ఫిఫ్టీన్ రైఫిలు, కొల్లేరు గట్టు: ఒక డిజైన్ రివ్యూ

మనవాళ్ళు ఫోను కొన్నా, బైకు కొన్నా రెండోరోజుకల్లా రివ్యూ రాసి పడేస్తారు. మైలేజీ ఎంత, బ్యాటరీ ఎంతసేపు, సర్వీసు సెంటర్ వాడు ఎన్నిసార్లు తిప్పించుకున్నాడు, అన్నీ వివరంగా. సరే, నేనూ ఒక వస్తువుకి రివ్యూ రాద్దామని కూర్చున్నా. కాకపోతే ఇది కొత్తది కాదు, నేను కొన్నదీ కాదు. మా తాతయ్య పేరున దాదాపు యాభై ఏళ్ళుగా లైసెన్సు ఉన్న .315 స్పోర్టింగ్ రైఫిలు. మన దేశంలో లైసెన్సు మీద దొరికే వేట రైఫిళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. ఊళ్ళల్లో దీన్ని 'త్రీ ఫిఫ్టీన్' అంటారు.

రివ్యూ ఎందుకు అవసరమైందో ముందు చెప్పేస్తా. మాది తాడేపల్లిగూడెం. చింతలపూడి వైపు మెట్టలో తాతయ్యకి కొంత చెరుకు తోట ఉండేది. అడవి పందులు రాత్రికి రాత్రి తోట దున్నేసి పోయేవట. పంట కాపాడుకోవడానికని 1970లలో లైసెన్సు తీసుకుని ఈ రైఫిలు కొన్నారు. ఆ తోట అమ్మేసి చాలాకాలం అయింది. తుపాకీ మాత్రం బీరువాలో ఉండిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో జమ చేయడం, అయ్యాక తెచ్చుకోవడం, మధ్యలో రెన్యువల్. దాని జీవితం ఇంతే.

ఇప్పుడు తాతయ్యకి ఎనభై రెండు. చేతులు వణుకుతున్నాయి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి డెబ్భై ఏళ్ళు దాటితే, బతికుండగానే వారసుల పేరుకి మార్పించుకునే వీలుంది. మా బాబాయికి కైకలూరు వైపు చేపల చెరువు ఉంది. కొల్లేరు అభయారణ్యం హద్దుకి బయటే, కాగితాలున్న చెరువే. మొన్న ఊరెళ్ళినప్పుడు బాబాయి నాతో అన్నాడు: "ఒరేయ్, నీ పేరు మీదకి మార్పించుకో. నువ్వు హైదరాబాదులో ఉన్నా ఫర్లేదు, తుపాకీ చెరువు దగ్గర ఉంటది. పిట్టలు పిల్లచేపల్ని బతకనివ్వట్లేదు."

మరి బాబాయి పేరునే మార్పించుకోవచ్చు కదా అంటారా? ఆయన పేరున రావడం కష్టం. గట్టు తగాదాలో పెట్టిన కేసు ఒకటి ఇంకా కోర్టులో నడుస్తోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

ఇంజనీరుని కదా, ఊరికే కాదనడం నచ్చలేదు. ఈ వస్తువు ఏమిటి, దేనికోసం చేశారు, మనకి కావలసిన పని చేస్తుందా, వరసగా చూద్దాం అనుకున్నా.

ముందు ఆ నంబరు సంగతి

8 మిల్లీమీటర్లని 25.4 తో భాగించండి. 0.315 వస్తుంది. అంటే .315 అన్నది 8 మిల్లీమీటర్లకి అంగుళాల్లో పెట్టుకున్న పేరు, అంతే. దీని తూటాకి మూలం మన దేశమూ కాదు, ఇంగ్లండూ కాదు. పాత ఆస్ట్రియా-హంగరీ సైన్యం వాడిన 8×50 మాన్లిషర్ తూటా.

ఆస్ట్రియా సైన్యం తూటాకీ మన చింతలపూడి పందులకీ సంబంధం ఏమిటి? ఇక్కడే అసలు విషయం ఉంది. బ్రిటిష్ వాళ్ళ సైన్యం తూటా .303. మన సినిమాల్లో పోలీసుల చేతిలో కనబడే 'త్రీ నాట్ త్రీ' అదే. 1857 చూసిన ప్రభుత్వం, 1878లో ఆయుధాల చట్టం తెచ్చిన ప్రభుత్వం, సైన్యం తూటా పౌరుడి తుపాకీలో పట్టడానికి ఒప్పుకుంటుందా? ఒప్పుకోలేదు. సైన్యం డిపోలోంచి దొంగిలించిన తూటా ఇంకెక్కడా పనిచెయ్యకూడదని వాళ్ళ లెక్క. ఇదే భయంతో 20వ శతాబ్దం మొదట్లో .450 రైఫిళ్ళని కూడా ఇక్కడ నిషేధించారు. అప్పుడు లండన్ తుపాకీ కంపెనీలు ఏనుగుల వేటగాళ్ళ కోసం .470 లాంటి కొత్త సైజులు తయారుచేసుకున్నాయి. .303 కి వచ్చిన దారి ఇంకోటి. తుపాకీ యంత్రం అదే ఉంచి, గొట్టాన్నీ తూటానీ మార్చేశారు.

స్వతంత్రం వచ్చాక కూడా పద్ధతి మారలేదు. సైన్యం తూటా పట్టేది ఏదైనా 'నిషిద్ధ బోరు'. అందుకే బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసం ఈ .315 చేస్తూ వచ్చింది. 1904లో పెట్టిన ఫ్యాక్టరీ అది. 2021 అక్టోబరులో ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు, అందులో ఒకదాని కిందకి వెళ్ళింది.

మన భాషలో చెప్పాలంటే, ఈ రైఫిలుకి రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాసింది వేటగాడు కాదు, రైతు కాదు. భయపడిన ప్రభుత్వం. 'పందిని పడగొట్టాలి' అన్నది రెండో లైను. 'సైన్యం తూటా పట్టకూడదు' అన్నది మొదటి లైను.

దీన్లో మంచి ఏమిటి

లోపల ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్ యంత్రం. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన డిజైను. 1888లో లీ మెట్‌ఫోర్డ్ గా బ్రిటిష్ సైన్యంలో చేరి, 1895లో లీ ఎన్‌ఫీల్డ్ అయ్యి, 1907 నాటికి మార్క్ త్రీ రూపానికి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303 కి వీడ్కోలు చెప్పింది 2020లో. ఒక డిజైను వందేళ్ళు పైగా డ్యూటీలో ఉందంటే ఊరికే ఉండదు కదండీ.

ఒకటి, వేగం. బోల్టు పిడిని సుమారు 60 డిగ్రీలు లేపితే చాలు, తెరుచుకుంటుంది. దీనికి పోటీ అయిన జర్మన్ మౌజర్ 98 లో 90 డిగ్రీలు లేపాలి. పైగా లీ ఎన్‌ఫీల్డ్ లో బోల్టు వెనక్కీ ముందుకీ నడిచే దూరం తక్కువ. స్ప్రింగు బిగుసుకోవడం కూడా బోల్టు మూసేటప్పుడు జరుగుతుంది కాబట్టి తెరవడం తేలిక. మంచె మీద చీకట్లో కూర్చున్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

రెండు, మురికికి తట్టుకోవడం. తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. తూటా ఎంత లోపలికి వెళ్ళాలో ఆ అంచే ఆపుతుంది. కాబట్టి తూటా కూర్చునే గదిని కాస్త వదులుగా చేసినా పనైపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో ఇది నిలబడ్డానికి ఆ వదులు కూడా ఒక కారణం. మా వైపు నల్లరేగడి బురద చూసినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మూడు, శుభ్రం చేసుకోవడం. ఏ పనిముట్టూ లేకుండా బోల్టు బయటికి తియ్యొచ్చు. గొట్టంలోంచి వెలుతురు చూడొచ్చు. తాతయ్య బోల్టు ఒక బీరువాలో, తుపాకీ ఇంకో బీరువాలో పెట్టేవారు. పిల్లలున్న ఇంట్లో దీన్ని మించిన సేఫ్టీ ఫీచర్ లేదంటాను.

నాలుగు, దెబ్బ. పదిహేను గ్రాముల పైచిలుకు బరువున్న, ముక్కు మెత్తగా ఉండే గుండు. ఆధునిక తూటాలతో పోలిస్తే నెమ్మదే, కానీ బరువు ఉంది. వంద మీటర్ల లోపల అడవి పందికి సరిపోతుంది.

ఇక లోపాలు

మొదటిది తాళం ఉన్న చోటు. తుపాకీ పేలినప్పుడు బోల్టు వెనక్కి ఎగిరిపోకుండా పట్టుకునే లగ్గులు లీ ఎన్‌ఫీల్డ్ లో వెనక ఉంటాయి. మౌజర్ లో ముందు, తూటాకి దగ్గరగా ఉంటాయి. తలుపు గడియ చివరన ఉందా, దెబ్బ తగిలే చోట ఉందా అన్నంత తేడా. వెనక లగ్గుల వల్ల పేలిన ప్రతిసారీ బోల్టు కాస్త నొక్కుకుపోతుంది, యంత్రం కాస్త సాగుతుంది. తూటా ఇత్తడి గొట్టం కూడా దాంతోపాటు సాగుతుంది. మామూలు ఒత్తిడికి ప్రమాదం లేదు. ఎక్కువ ఒత్తిడి తూటా పెట్టాలంటేనే చిక్కు. 1960లలో ఇషాపూర్ వాళ్ళు ఇదే రైఫిలుని 7.62 నాటో తూటాకి మార్చినప్పుడు ఉక్కునే మెరుగుపరచాల్సి వచ్చింది. నేను గమనించింది ఏమిటంటే, వేగానికి కారణమైన ఏర్పాటే ఈ బలహీనతకీ కారణం. రెండూ కలిపే కొనుక్కోవాలి.

రెండోది రెండు ముక్కల కర్ర. తుపాకీ మడమ ఒక ముక్క, ముందు కర్ర ఇంకో ముక్క. తయారీకి సుఖం, మార్చుకోడానికి సుఖం. కానీ ముందు కర్ర గొట్టాన్ని ఎలా ఒత్తుతోంది అన్నదాని మీద గురి ఆధారపడుతుంది. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండుతుంది. ఏలూరు ఉక్కపోత సంగతి మీకు తెలుసు. మే నెలలో సరిచేసిన గురి ఆగస్టులో అలాగే ఉంటుందని నమ్మకం పెట్టుకోకూడదు.

మూడోది, పైన మెచ్చుకున్న ఆ అంచు. తూటాలు మ్యాగజైన్లో పేర్చేటప్పుడు పైతూటా అంచు కిందతూటా అంచుకి ముందు ఉండాలి. అటుదిటైతే ఒకదానికొకటి కొక్కెం పడి ఇరుక్కుపోతాయి. సైన్యం రైఫిలులో పది తూటాలు, ఇందులో అయిదు. అయిదింటిని పేర్చడానికి కూడా శ్రద్ధ కావాలి.

నాలుగోది తుప్పు. పాతకాలం తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన ఉప్పుకి తమ్ముడి లాంటిది. గాల్లో తేమని పీల్చి గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది. నూనె రాస్తే పోదు, ముందు వేడినీళ్ళతో కడగాలి. కొల్లేరు చుట్టుపక్కల గాలికి తేమ కొత్తగా నేర్పక్కర్లేదు.

అయిదోది అన్నిటికన్నా పెద్దది, సాధన లేకపోవడం. తూటాలు లైసెన్సులో రాసినన్ని మాత్రమే, అవీ ఖరీదు. కాల్చి నేర్చుకోడానికి దగ్గర్లో చోటు లేదు. తాతయ్య ఇన్నేళ్ళలో పేల్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జిమ్ కార్బెట్ చేతిలో .275 రిగ్బీ అద్భుతాలు చేసిందంటే, ఆ మౌజర్ యంత్రం గొప్పతనం కొంత, చిన్నప్పటినుంచి అడవిలో తిరిగిన ఆ మనిషి గొప్పతనం మిగతాది. బీరువాలో పెరిగిన రైఫిలుతో మనం కార్బెట్లం అయిపోము.

ఇంకో వింత చెప్పాలి. దొంగల చేతికి చిక్కకూడదనే కదా సైన్యం తూటా వద్దని ఈ సైజు తెచ్చింది? ఉత్తరప్రదేశ్, బీహారుల్లో నాటు పిస్తోళ్ళు, అదే 'కట్టా'లు, ఎక్కువగా చేసేది ఈ .315 తూటాకే. పౌరులకి దొరికే తూటా ఏదైతే దానికే నాటు తుపాకీ తయారవుతుంది మరి. ఒక రంధ్రం మూస్తే యూజర్ ఇంకో రంధ్రం వెతుక్కుంటాడని మనకి వేరే చెప్పాలా :-)

మరి కొల్లేరుకి పనికొస్తుందా

ఇప్పటిదాకా చెప్పిందంతా చూస్తే, మెట్టలో పందుల కోసం ఇది మంచి రైఫిలే. పదికి ఆరున్నర వేస్తాను. కానీ బాబాయి అడిగింది మెట్ట కోసం కాదు.

రైఫిలు పేల్చేవాడు ముందు చూడాల్సింది జంతువుని కాదు, జంతువు వెనక ఏముందో. గురి తప్పినా, గుండు జంతువులోంచి దూసుకుపోయినా, దాన్ని తినేసే మట్టి దిబ్బో కొండో వెనక ఉండాలి. బుట్టాయగూడెం వైపు కొండలున్నాయి. మంచె మీదనుంచి కిందకి కాలిస్తే గుండు నేల్లోకి దిగుతుంది. కొల్లేట్లో ఏముంది? కళ్ళు పోయినంత దూరం నీళ్ళు, గట్లు, మళ్ళీ నీళ్ళు. ఈ తరగతి గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. కైకలూరు దగ్గర ఏ గట్టు మీద నిలబడినా మూడు కిలోమీటర్ల లోపు ఒక ఊరో, రోడ్డో, గుడివాడ-భీమవరం రైలు పట్టాలో, దోనెలో వల వేస్తున్న మనిషో ఉంటారు.

దానికి తోడు నీళ్ళు. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి ఎన్ని గెంతులు వేస్తుందో లెక్కపెట్టేవాళ్ళం గుర్తుందా? ఏటవాలుగా తగిలితే తుపాకీ గుండు కూడా అంతే. నీటిలో మునగదు, గెంతి ఇంకో దిక్కుకి పోతుంది. ఎక్కడికి పోతుందో పేల్చినవాడికీ తెలీదు.

ఒకప్పుడు కొల్లేట్లో పరజల్ని కొట్టినవాళ్ళు కూడా రైఫిలు వాడలేదు. పన్నెండు బోరు తుపాకీ వాడారు. దాని సన్నగుళ్ళు నలభై మీటర్ల దాకా పని చేసి, కొన్ని వందల మీటర్లలో ఓపిక అయిపోయి పడిపోతాయి. ఎగిరే పిట్టకి ఒక్క గుండు ఎందుకు? రైఫిలు గొప్పతనం దూరం పోవడం. కొల్లేట్లో దాని దోషం కూడా అదే.

బెదరగొట్టడానికి గాల్లోకి పేలుస్తాం అంటారు. గాల్లోకి వెళ్ళింది గాల్లోనే ఉండదు కదా. చప్పుడే కావాలంటే టపాకాయ ఉంది, రేకు డబ్బా ఉంది. చుట్టుపక్కల చెరువుల కాపలావాళ్ళు ఇప్పుడు చేస్తున్నది అదే.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా. పక్షుల్ని వేటాడే లైసెన్సులు 1991 సవరణతో పోయాయి. 1999లో కొల్లేరులో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అక్రమ చెరువుల గట్లు పేల్చేసింది మా జిల్లావాళ్ళు ఎవరూ మర్చిపోలేదు. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. హద్దుకి పది కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలని 1972 వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఇక లైసెన్సు నా పేరున, నేను హైదరాబాదులో, తుపాకీ కాపలావాడి చేతిలో అంటే అది నేరం. గూడబాతు చేపలు తిన్నందుకు నేను కోర్టు మెట్లు ఎక్కాలన్నమాట.

అసలు మాట

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బాబాయికి చూపించా. చదివాడు. "పిట్టల్ని కొడతానని ఎవడన్నాడ్రా, దగ్గర ఉంటే ఒక ధైర్యం" అన్నాడు.

అదీ సంగతి. అప్పటిదాకా పిట్టలు. అప్పుడు ధైర్యం. గట్టు పక్కవాడితో కేసు నడుస్తున్న మనిషికి రాత్రిపూట చెరువు దగ్గర కావలసిన ధైర్యం పిట్టల మీద కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. బాబాయి చెడ్డవాడు కాదు. అప్పు చేసి పిల్లచేపలు వేసినవాడు, రాత్రిళ్ళు వలేసి దొంగతనం చేస్తారేమోనని నిద్రపోనివాడు. కానీ కోపం వచ్చిన నిమిషంలో చేతికి కర్ర అందితే ఒక కథ, త్రీ ఫిఫ్టీన్ అందితే ఇంకో కథ. కర్ర దెబ్బకి రాజీ కుదురుతుంది. ఇంకోదానికి కుదరదు.

నేను అదే చెప్పా. "బాబాయ్, దీని డిజైన్లో నాకు కనబడిన లోపాలన్నీ సర్దుకోవచ్చు. నీ చెరువు గట్టు మీద మాత్రం ఇది వద్దు. నా పేరు పెట్టను." పిన్ని లోపల్నుంచి వింటోంది, ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం నాకు మాత్రం రెండు గారెలు ఎక్కువ వడ్డించింది.

తాతయ్య రెండు రోజులు ఆలోచించి, లైసెన్సు వదిలేస్తానని ఏలూరు లాయరుగారికి ఫోను చేయించారు. బాధ పడ్డారు, పడకుండా ఎలా ఉంటారు. తోట పోయాక, ఎడ్లు పోయాక, ఆయన పేరున మిగిలిన ఆ కాలం వస్తువు అదొక్కటే. బాబాయి నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. చెరువు దగ్గర సోలార్ లైట్లు, రెండు కెమెరాలు పెట్టించడానికి డబ్బు నేను పంపుతానన్నా. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి తాతల నాటి తుపాకులు ఉంటాయని నాకు తెలుసు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మూడు విషయాలు చూడండి. లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో. 2019 సవరణ తర్వాత అయిదేళ్ళకి ఇస్తున్నారు. బోల్టు, తూటాలు, తుపాకీ వేరువేరు చోట్ల తాళం వేసి ఉన్నాయో లేదో. లైసెన్సుదారు కాలం చేస్తే ఆలస్యం చెయ్యకుండా పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలన్న సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసో లేదో. ఆ తర్వాత ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి లెక్క. ఆ లెక్క పెద్దాయన మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే, ఆయన ఎదురుగానే వేసుకోండి.